ఆరుబయటి టైల్స్‌పై గట్టిపడిన సిమెంటు: తొలగించే ముందు జాగ్రత్తలు

ఆరుబయట పరిచిన సెరామిక్ టైల్స్‌పై సిమెంటు ఎండిపోయి కనిపించగానే చాలామంది నేరుగా యాసిడ్ సీసా అందుకుంటారు. అయితే టైల్స్ మధ్య సందులను నింపినది కూడా సాధారణంగా సిమెంటే కనుక, మరకను కరిగించే యాసిడ్ ఆ సందులనూ తినివేస్తుంది.

అందువల్ల ముందుగా నేలను బాగా తడిపి, చెక్క ముక్కతోగాని ప్లాస్టిక్ గీకుడు బద్దతోగాని మందపాటి పెచ్చులను ఏటవాలుగా లేపాలి. ఇనుప బ్రష్ వాడరాదు. అది నునుపు పూతపై గీతలు పెట్టడమే కాక, దాని నుండి రాలిన ఇనుప రజను తడికి తుప్పుపట్టి సిమెంటు కంటే మొండి మరకలను మిగులుస్తుంది. పొడిగా ఉన్న సిమెంటును యంత్రంతో అరగదీస్తే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులకు హానికరం.

ఇక మిగిలేది పలుచని తెల్లటి పొర. దీనికి ఘాటైన పొగలు విడిచే హైడ్రోక్లోరిక్ యాసిడ్ కంటే సల్ఫామిక్ యాసిడ్‌తో తయారైన క్లీనర్ మేలు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉన్న ద్రావణాల జోలికి మాత్రం అసలు పోకూడదు, ఎందుకంటే అది టైల్ పూతను కరిగిస్తుంది, చర్మంలోకి ఇంకి ప్రాణాపాయం కూడా కలిగించగలదు. సందులు కొత్తగా నింపినవైతే, తయారీదారు సూచించినన్ని రోజులు ఆగి, ముందు ఒక మూల పరీక్షించి చూడాలి.

రబ్బరు చేతితొడుగులు, కళ్లను పూర్తిగా మూసే అద్దాలు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. గుడ్డ మాస్కు యాసిడ్ ఆవిరిని ఆపదు కనుక గాలి వచ్చే వైపుకు వీపు పెట్టి పనిచేయాలి. ఎప్పుడూ నీటిలోనే యాసిడ్ కలపాలి. యాసిడ్‌లో నీరు పోస్తే అది ఒక్కసారిగా వేడెక్కి మీదికి చిమ్ముతుంది. బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది కాబట్టి, ముందురోజు దానితో కడిగిన నేలనైనా మళ్లీ శుభ్రంగా నీటితో కడిగాకే పని మొదలుపెట్టాలి.

పొడి సందులు యాసిడ్‌ను పీల్చుకుంటాయి. అవి నిండా తడిసిన తరువాతే, ఎండ లేని వేళ, ఒక్కో చదరపు మీటరు చొప్పున రుద్ది, ద్రావణం ఆరకముందే కడిగివేయాలి. పక్కనున్న పాలరాయిని, లోహపు కమ్మీలను, మొక్కలను ముందే కప్పి ఉంచాలి. చివరిగా వంటసోడా కలిపిన నీటితో ఒకసారి, మంచినీటితో రెండుసార్లు కడగాలి. కంట్లో చుక్క పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

కొన్ని రోజులకు సందుల వెంట మళ్లీ తెల్లటి పొడి తేలితే అది మిగిలిన సిమెంటు కాకపోవచ్చు. లోపలి తేమతో పైకి వచ్చిన లవణాలైతే, మళ్లీ యాసిడ్ పోయకుండా నేల పూర్తిగా ఆరాక పొడి బ్రష్‌తో ఊడ్చివేయాలి.