మ్యాప్‌లో ఉన్న బీచ్ అక్కడికెళ్తే లేదా? మారుమూల తీరంలో టెంట్ చోటు వెతికేటప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

రాళ్ళూ కొండచరియలూ నిండిన తీరంలో జనం తిరగని ఒక చిన్న బీచ్ వెతికి పట్టుకుని, రాత్రి అక్కడే టెంట్ వేసుకోవాలని చాలామందికి ఉంటుంది. వెతకడం మొదలుపెట్టాక ఎదురయ్యే ఇబ్బందులు మాత్రం దాదాపు అందరికీ ఒకటే, వాటిలో ఎక్కువ భాగానికి మూలం కూడా ఒకటే. మనం చూసి ముచ్చటపడేది పగలు నీళ్ళు వెనక్కి తగ్గినప్పటి బీచ్, పడుకోవాల్సింది మాత్రం ఆ రాత్రి పోటు వచ్చాక మిగిలే ముక్కలో. అందుకే నేను అందమైన ఇసుక కోసం వెతకను. ముందు పోటుకి అందని పొడి నేల, తర్వాత వెనక్కి వచ్చే దారి, ఆ రెండూ కుదిరాకే మిగతావి చూస్తాను.

సమస్య: శాటిలైట్ ఫోటోలో బ్రహ్మాండమైన ఇసుక, వెళ్ళి చూస్తే కొండని కొడుతున్న అలలు

ఆ ఫోటో ఆటు సమయంలో తీసినది అయ్యుంటుంది. లేదా వేరే కాలంలో తీసినది, ఎందుకంటే చాలా తీరాల్లో పెద్ద అలల కాలం వచ్చిందంటే ఇసుక కోసుకుపోయి అడుగున రాళ్ళు బయటపడతాయి, సముద్రం నెమ్మదించాక ఇసుక మళ్ళీ చేరుతుంది.

ఒక్క ఫోటోని నమ్మొద్దు. గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు తేదీల వారీగా చూడొచ్చు, అదే చోటుని నాలుగైదు తేదీల్లో చూడండి. ప్రతి ఫోటోలోనూ పొడిగా, లేత రంగులో కనిపించే ఇసుక ఉంటే అది నిజంగా ఉన్నట్టు. తడి ఇసుక ముదురు రంగులో ఉంటుంది కాబట్టి తేడా ఇట్టే తెలుస్తుంది. ఇంకాస్త ఓపిక ఉంటే సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒక పిక్సెల్ అంటే 10 మీటర్లు, కాబట్టి చిన్న చిన్న వివరాలు కనిపించవు కానీ, తీసిన తేదీ, సమయం పక్కాగా ఉంటాయి. ఆ సమయానికి అక్కడ నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో టైడ్ టేబుల్‌తో, అంటే ఆటుపోట్ల వేళలు, ఎత్తులు చెప్పే పట్టికతో పోల్చి చూస్తే, పోటు వేళ తీసిన ఫోటో ఏదో మీకే దొరుకుతుంది. నాకు అన్నిటికన్నా పనికొచ్చే ఫోటో అదే.

సమస్య: మ్యాప్‌లో దిగడానికి సులువుగా ఉంది, అక్కడ నిలువు గోడలా ఉంది

ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే కాంటూర్ గీతల మధ్య ఎత్తు తేడా 10 లేదా 20 మీటర్లు ఉన్న మ్యాప్‌లో 8 మీటర్ల నిలువు చరియ ఒక్క గీత కూడా లేకుండా మాయమైపోవచ్చు. మనిషి దిగలేకపోవడానికి 8 మీటర్లు చాలు. వాగు సముద్రంలో కలిసే చోట్లు వెతకండి, తీరాన్ని కోసుకుంటూ వాగు దిగుతుంది కాబట్టి చాలాసార్లు మనకీ అక్కడే దారి దొరుకుతుంది. అయితే కొన్ని వాగులు చివర్లో జలపాతంలా దూకుతాయి, అందుకే పక్కనుంచి తీసిన ఫోటో ఒక్కటైనా చూడకుండా బయల్దేరొద్దు. ఎక్కడం కన్నా దిగడం కష్టం, పైగా బరువైన బ్యాగు వీపు మీద ఉంటుంది. తాడు ఉంటే తప్ప దిగలేని చోటు అయితే దాన్ని వదిలేయండి.

సమస్య: ఎండిన ఇసుక మీదే టెంట్ వేశాం, అర్ధరాత్రి నీళ్ళు లోపలికి వచ్చాయి

దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ప్రాణాల మీదకి వచ్చేది ఇదే.

చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు వస్తాయి, ఒకదానికీ మరోదానికీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రేపటి పోటు ఇవాళ్టి కన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. రెండు పోట్లూ ఒకే ఎత్తులో రావాలని లేదు. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం లాంటి చోట్ల రెండిటికీ చాలా తేడా ఉంటుంది, మధ్యాహ్నం పోటు ఎంతవరకు వచ్చిందో చూసి రాత్రి కూడా అంతేనని అనుకుంటే మునిగిపోతాం. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా పైకి వస్తుంది, మధ్యలో అష్టమి రోజుల్లో తక్కువ. ప్రాంతాన్ని బట్టి కూడా లెక్క పూర్తిగా మారిపోతుంది: కెనడాలోని ఫండీ అఖాతంలో ఆటుకీ పోటుకీ తేడా 16 మీటర్ల వరకు ఉంటే, మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు.

టైడ్ టేబుల్‌లో వాతావరణం ఉండదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. గాలి పీడనం 1 హెక్టోపాస్కల్ పడితే సముద్రం సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది. మామూలుగా 1013 ఉండాల్సింది 980కి పడిందంటే 33 సెంటీమీటర్లు. ఇదేమంత పెద్ద విషయం కాదనిపిస్తుంది, కానీ 30 మీటర్లకి 1 మీటరు వాలున్న బీచ్‌లో నీళ్ళు 10 మీటర్లు ముందుకి వచ్చేస్తాయి. దీని మీద గాలి తోసుకొచ్చే నీళ్ళు, అలలు అదనం.

అక్కడికి చేరాక ముందు చేయాల్సిన పని: టెంట్ దింపకముందే బీచ్‌కి అడ్డంగా, నీళ్ళ నుంచి కొండ వైపు మెల్లగా నడవండి. మొదట నాచు, పుల్లలు, పెంకులు కలిసి పేరుకున్న ఒక గీత కనిపిస్తుంది. కాలితో కదిపితే కింద తడిగా ఉంటుంది, చిన్న చిన్న పురుగులు ఎగురుతాయి. ఇది నిన్నటిదో, ఇవాళ్టిదో. అక్కడ ఆగకుండా ఇంకా పైకి వెళ్ళండి. కాస్త దూరంలో ఇంకో గీత ఉంటుంది: నాచు నల్లగా ఎండి చేత్తో నలిపితే పొడైపోతుంది, మధ్యలో ఎండకి వెలిసిన సీసా మూతలు, తాడు ముక్కలు ఉంటాయి. పెద్ద పోటు వచ్చింది అక్కడిదాకా. టెంట్ దానికి పైనే ఉండాలి, ఇంకా మంచిది ఏళ్ళ తరబడి వేళ్ళూనుకున్న గడ్డి, పొదలు మొదలయ్యే అంచు దగ్గర, కానీ ఇసుకదిబ్బల మీది మొక్కల్ని తొక్కకుండా. అలాంటి గీత ఒక్కటే ఉండి, అది కూడా కొండ మొదట్లోనే ఉందంటే ఆ బీచ్‌లో రాత్రి మనిషికి చోటు లేనట్టే. ఎంత అలసిపోయినా సరే, వెనక్కి తిరగండి.

పెద్ద దుంగలు ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉంటే వాటి చాటున గాలి తగలదని చాలామంది అక్కడే వేస్తారు. ఆ దుంగల్ని అక్కడికి తెచ్చింది సముద్రమే, మళ్ళీ వస్తే వాటిని కదిలించగలదు కూడా.

సమస్య: సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొమ్ము చుట్టూ నడిచి బీచ్‌కి చేరాం, ఇప్పుడు తిరిగి వెళ్ళడానికి దారి లేదు

పోటు ఒకే వేగంతో లేవదు. ఆరు గంటల్లో మొదటి గంట నెమ్మదిగా, మూడో, నాలుగో గంటల్లో అన్నిటికన్నా వేగంగా లేస్తుంది. మొత్తం తేడా 4 మీటర్లు అనుకుంటే మొదటి గంటలో 33 సెంటీమీటర్లే, మూడో గంటలో మాత్రం పూర్తిగా ఒక మీటరు. మొదటి గంట చూసి ఇంకా చాలా టైమ్ ఉందనుకునేవాళ్ళే ఇరుక్కుంటారు. కాలిఫోర్నియాలోని లాస్ట్ కోస్ట్ ట్రెయిల్‌లో కొన్ని మైళ్ళ పొడవున్న భాగాలు పోటు సమయంలో అసలు నడవడానికి ఉండవు, మధ్యలో ఉండగా నీళ్ళు వస్తే పక్కకి ఎక్కడానికి కూడా చాలాచోట్ల కుదరదు.

నీళ్ళు తగ్గుతున్నప్పుడు బయల్దేరండి, ఆటు వచ్చేసరికి కొమ్ము దాటేసి ఉండండి. దాటే ముందు రాతిని చూడండి. రాతికి అంటుకుని ఉండే చిన్న తెల్లటి గరుకు పెంకులు నీళ్ళు తరచూ తగిలే ఎత్తు వరకే బతుకుతాయి. అవి మీ తల కన్నా పైన ఉంటే, పోటు వేళ అక్కడ మీ తల మీద నుంచి నీళ్ళు పోతాయని అర్థం. టైడ్ టేబుల్ ఏ రేవుదో, అది ఎంత దూరంలో ఉందో చూసుకోండి, అరగంట తేడా కూడా కొంప ముంచుతుంది. వేసవిలో గడియారం గంట ముందుకి జరిపే దేశాల్లో కొన్ని టేబుల్స్ ఆ గంటని కలపవు, అది కూడా సరిచూసుకోండి. అమెరికాలో ఒలింపిక్ నేషనల్ పార్క్ తీరంలో కొమ్ముల మీదుగా పైనుంచి పోయే దారులకి ఎరుపు, నలుపు రంగుల గుండ్రటి బోర్డులు ఉంటాయి, అలాంటివి ఉన్న చోట సందేహం వస్తే పైదారే పట్టండి. ఇప్పటికే ఇరుక్కుపోయి ఉంటే ఈత కొట్టాలనీ, తెలియని కొండ ఎక్కాలనీ చూడకండి. అన్నిటికన్నా ఎత్తయిన పొడి చోట కూర్చుని నీళ్ళు తగ్గేదాకా ఆగండి. అలాంటి చోటు కూడా మునిగేలా ఉంటే సాయం కోసం వెంటనే కబురు పెట్టండి, ఆఖరి నిమిషం దాకా చూడొద్దు.

సమస్య: వాగు ఉంది, నీళ్ళు ఉప్పగా ఉన్నాయి

మొగ దగ్గర పోటు నీళ్ళు వాగులోకి ఎగదన్నుతాయి. ఫిల్టర్ ఉప్పుని తీయదు, మరిగించినా పోదు. వాగు వెంట పైకి నడిచి, నాచు గీతలు ఆగిపోయిన చోటు దాటాక రుచి చూడండి, ఆ తర్వాతే ఫిల్టర్ చేయండి. మ్యాప్‌లో నీలం గీత తెగి తెగి ఉంటే అది ఏడాది పొడవునా పారే వాగు కాదు, మొదటి రాత్రికి సరిపడా నీళ్ళు మోసుకెళ్ళాల్సిందే. వాగు పక్కనే టెంట్ మాత్రం వద్దు, ఎగువన వాన పడిన సంగతి మీకు తెలిసేలోపే అది పొంగుతుంది.

సమస్య: మేకులు ఊడిపోతున్నాయి, టెంట్ నిలబడట్లేదు

పొడి ఇసుకకి మామూలు మేకుని పట్టుకునే బలం లేదు. ఒక సంచిలో ఇసుక నింపి, మూతి గట్టిగా కట్టి, తాడు దానికి ముడేసి, మోచేతి లోతు గుంటలో పాతి పైన తొక్కండి. తాడు నేలకి వీలైనంత దగ్గరగా, పడుకున్నట్టుగా సాగాలి, నిటారుగా ఉంటే సంచిని పైకి పీకేస్తుంది. పగలు గాలి సముద్రం మీద నుంచి వస్తే రాత్రి చాలాసార్లు నేల మీద నుంచి వీస్తుంది, లోయ నోటి దగ్గర అది ఇంకా గట్టిగా ఉంటుంది. సాయంత్రం గాలి ఆగిందని ఒకవైపే తాళ్ళు కట్టి పడుకోవద్దు.

సమస్య: గాలి లేని మంచి చోటు, కానీ చుట్టూ రాళ్ళు పడి ఉన్నాయి

కొండ చరియ మొదట్లో అంచులు పదునుగా, నాచు పట్టకుండా ఉన్న రాళ్ళు కనిపిస్తే అవి ఈ మధ్య పడినవే. పైన కొండ మీద లేత రంగు మచ్చలు కూడా అదే చెప్తాయి. కొండ ఎత్తు ఎంతో కనీసం అంత దూరం జరగండి. జరిగితే పోటు గీత కిందకి వచ్చేస్తుందా? అయితే అది పడుకునే చోటు కాదు.

సమస్య: టెంట్ వేశాక ఎవరో వచ్చి తీసేయమన్నారు

మారుమూల అంటే ఎవరిదీ కాదని కాదు. చాలా దేశాల్లో పోటు గీత కింది భాగం ప్రజలది, దాని పైన పొడిగా ఉన్న భాగం ప్రైవేటుది కావచ్చు. అంటే అందరికీ హక్కున్న చోటే రాత్రి మునిగే చోటు! అందుకే పైభాగం ఎవరిదో ముందే కనుక్కోవాలి. స్కాట్లాండ్‌లో 2003 నాటి చట్టం బాధ్యతగా మసలుకునేవాళ్ళకి టెంట్ వేసుకునే హక్కు ఇస్తుంది, నార్వేలో మనుషులుంటున్న ఇంటికి 150 మీటర్ల దూరం పాటించాలి, ఒలింపిక్ తీరంలో రాత్రి ఉండాలంటే పర్మిట్ తప్పనిసరి. ఒక దేశం రూల్ ఇంకో దేశంలో చెల్లదు.

అనుమతి ఉన్నా తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో ఆ ఇసుక మీద ఉండకండి, దయచేసి. బయటికొచ్చిన పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి, మన లైటు వాటిని సముద్రానికి దూరంగా లాగుతుంది. పక్షులు కూడా ఇసుకలోనే, గులకరాళ్ళ రంగులో గుడ్లు పెడతాయి. ఏదైనా పక్షి మీ చుట్టూ అరుస్తూ తిరుగుతుంటే మీరు దాని గూడు దగ్గరున్నట్టే, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి.

సమస్య: ఫోన్ పనిచేయట్లేదు

కొండల కింద సిగ్నల్ రాదు, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్‌కి కూడా ఆకాశం బాగా కనపడాలి, చరియకి ఆనుకుని ఉంటే మెసేజ్ ఆలస్యంగా పోతుంది. నీళ్ళ వైపు, కొండకి దూరంగా వెళ్ళి పంపండి. బయల్దేరే ముందు ఒకరికి మీరు దిగే చోటు, దాటాల్సిన కొమ్ములు, ఏ ఆటుకి తిరిగి వస్తారో రాసి ఇవ్వండి. ఒక ఆటు తప్పితే మరోదాని కోసం పన్నెండు గంటలకి పైగా ఆగాల్సి వస్తుంది కాబట్టి, కంగారు పడాల్సిన సమయం ఎప్పుడు మొదలవుతుందో కూడా ఆ కాగితంలోనే రాయండి.