చికాగో సైన్స్ మ్యూజియానికి ఇంటిల్లిపాదీ వెళ్లేముందు

చికాగో చుట్టుపక్కల నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్‌లలో కొత్తగా దిగిన కుటుంబాలకు ముందుగా వచ్చిన తెలుగువాళ్లు చెప్పే మాటల్లో "పిల్లల్ని ఎమ్మెస్సైకి తీసుకెళ్లండి" అనేది ఒకటి. ఎమ్మెస్సై అంటే మ్యూజియం ఆఫ్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ. 2024లో దాని పేరుకు ముందు గ్రిఫిన్ అని చేరింది, చోటు మాత్రం అదే. ఫీల్డ్ మ్యూజియం, షెడ్ ఆక్వేరియం, ఆడ్లర్ ప్లానెటేరియం మూడూ ఒకేచోట ఉండే మ్యూజియం క్యాంపస్ డౌన్‌టౌన్‌ను ఆనుకుని ఉంటుంది. ఎమ్మెస్సై అక్కడ కాదు, ఇంకో ఐదారు మైళ్లు దక్షిణాన హైడ్ పార్క్‌లో ఉంది. "అన్నీ పక్కపక్కనే కదా" అని రెండింటినీ ఒకే రోజులో ఇరికిస్తే రెండూ సగంలో వదిలి రావాల్సి వస్తుంది.

లోపల ప్రదర్శనల వైశాల్యమే నాలుగు లక్షల చదరపు అడుగులకు పైన. చాలా రోజుల్లో ఉదయం 9:30కు తెరిచి సాయంత్రం 4 గంటలకే మూసేస్తారు. అయిదేళ్ల పిల్లకు మూడు నాలుగు గంటలు దాటితే ఓపిక ఉండదు. అందుకని అంతా చూసేద్దామన్న ఆశ ఇంట్లోనే వదిలేసి, సమయం ముద్రించిన టికెట్ ఒక్కటి తీసుకుని, మిగతావి దాని చుట్టూ అమర్చుకోండి.

మామూలు ప్రవేశ టికెట్‌తో చాలావరకు చూడొచ్చు. మూడేళ్లలోపు పిల్లలకు ఉచితం, 3 నుంచి 11 ఏళ్ల వరకు తగ్గింపు ధర. జలాంతర్గామి లోపలికి వెళ్లడానికి, బొగ్గుగని చూడటానికి, గుండ్రటి పెద్ద తెర థియేటర్‌కు విడివిడిగా డబ్బు కట్టాలి, వాటికి సమయాలు నిర్ణయించి ఉంటాయి. శని, ఆదివారాల్లో ఈ టికెట్లు మధ్యాహ్నానికల్లా అయిపోవచ్చు. కాబట్టి ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో తీసుకోండి. 11 గంటల స్లాట్ అయితే మంచిది. 10 గంటలది తీసుకుంటే రోడ్డు మీద ట్రాఫిక్ ఉన్నరోజు అది పోయినట్టే.

ఈ మూడింటిలో ఏది తీసుకోవాలన్నది పిల్లల వయసును బట్టి చూసుకోవాలి. యూ-505 అనే జర్మన్ జలాంతర్గామిని 1944 జూన్ 4న ఆఫ్రికా పశ్చిమ తీరానికి దూరంగా అమెరికా నౌకాదళం పట్టుకుంది. 1954 నుంచి అది ఇక్కడే ఉంది, 2004లో దాన్ని భూగర్భ హాల్లోకి మార్చారు. బయటి నుంచి చూడటానికి, చుట్టూ పెట్టిన సామగ్రి చూడటానికి వేరే టికెట్ అక్కర్లేదు. లోపలికి వెళ్లే టూరుకు మాత్రమే కావాలి. విశాఖ బీచ్ రోడ్డులో కురుసురా ఎక్కిన కుటుంబాలకు లోపల కనిపించేది కొత్తేమీ కాదు: ఇరుకు దారి, గుండ్రటి తలుపులు, వరసగా బంకులు. డబ్బు మిగుల్చుకోవాలంటే మొదట తీసేయాల్సింది ఇదే. ఆ హాల్లో నిలబడి మొత్తం ఓడను ఒక్క చూపులో చూడటమే అసలు విశేషం, అది ఎలాగూ టికెట్‌లోనే ఉంది. లోపలి టూరుకు స్ట్రోలర్ తీసుకెళ్లలేరు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ అది కష్టమే.

బొగ్గుగని 1933లో మ్యూజియం తెరిచినప్పటి నుంచీ ఉంది. లిఫ్టులో దిగడం, చీకట్లో చిన్న రైలు, యంత్రాల పెద్ద చప్పుడు ఉంటాయి. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలు ఇష్టపడతారు. నాలుగేళ్లవాడు భయపడి ఏడిస్తే మధ్యలో బయటికి రావడం తేలిక కాదు. థియేటర్‌లో సీట్లు నిటారుగా మెట్లు మెట్లుగా ఉంటాయి, తెర తల మీదికి వంగి ఉంటుంది. కళ్లు తిరిగే పిల్లలుంటే పై వరసల్లో మధ్యలో కూర్చోండి, కడుపులో తిప్పితే కాసేపు కళ్లు మూసుకోమనండి.

అయిదేళ్లలోపు పిల్లలకు ఈ అదనపు టికెట్లు అసలు అక్కర్లేదు. వాళ్లకు మూడు చోట్లు చాలు. ఒకటి, చికాగో నుంచి సియాటెల్ వరకు దారిని చిన్నదిగా కట్టి బొమ్మ రైళ్లు నడిపే హాలు. రెండోది కోడిపిల్లలు పొదిగే గాజు పెట్టె. గుడ్డు పగిలి పిల్ల బయటికి రావడానికి గంటలు పడుతుంది కాబట్టి చీలిక కనిపించిన గుడ్డును గుర్తుపెట్టుకుని మళ్లీ వచ్చి చూడండి. మూడోది పదేళ్లలోపువాళ్ల కోసం పెట్టిన ఐడియా ఫ్యాక్టరీ. అందులో నీళ్ల ఆట ఉంది, ఒక జత బట్టలు తప్పక తెచ్చుకోండి. దానికి ఒక్కోసారికి కొందరినే పంపుతారు, వేళలు బోర్డు మీద రాస్తారు. లోపలికి రాగానే ఆ బోర్డు చూసుకోకపోతే సరిగ్గా విరామం సమయానికి వెళ్లి తలుపు ముందు నిలబడతారు.

పెద్ద పిల్లలకైతే సైన్స్ స్టార్మ్స్ హాల్లోనే గంటన్నర గడిచిపోతుంది. 40 అడుగుల ఎత్తు సుడిగాలి అక్కడ తిరుగుతూ ఉంటుంది, దాని గాలిని వాళ్లే మార్చి చూడొచ్చు. పైకప్పు నుంచి వేలాడే టెస్లా కాయిల్ మెరుపులు మాత్రం నిర్ణీత వేళల్లోనే. 1968లో చంద్రుడి చుట్టూ తిరిగి వచ్చిన అపోలో 8 క్యాప్సూల్ నమూనా కాదు, అసలుదే. రద్దీ ఉన్న రోజు కూడా దాని దగ్గర జనం తక్కువ. అద్దాల చిట్టడవికి మాత్రం వచ్చీ రాగానే వెళ్లండి, పదకొండు దాటితే వరస పెరుగుతుంది. మార్చి నుంచి మే వరకు పనిదినాల్లో స్కూలు బస్సులు వస్తాయి. మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక ఆ పిల్లలంతా వెళ్లిపోయి హాళ్లు ఖాళీ అవుతాయి.

ఉచిత రోజుల గురించి వాట్సాప్‌లో సగం సగం సమాచారం తిరుగుతుంటుంది. అవి ఇల్లినాయిస్ నివాసులకు మాత్రమే. ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, రాష్ట్రంలోని చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు, వాళ్లకు టికెట్ కొనాల్సిందే. పార్కింగ్, అదనపు టికెట్లు ఆ రోజూ ఉచితం కాదు, పైగా జనం ఎక్కువ. చికాగో నగరం లోపల ఉండేవారికి పబ్లిక్ లైబ్రరీ కార్డు మీద కిడ్స్ మ్యూజియం పాస్‌పోర్ట్ ఇస్తారు. ఏయే మ్యూజియాలకు చెల్లుతుందో లైబ్రరీ కౌంటర్‌లో అడగండి. ఏడాదిలో రెండుసార్లు వెళ్లేట్టుంటే కుటుంబ సభ్యత్వం లెక్క వేసుకోవచ్చు. అయితే ఒక సైన్స్ మ్యూజియం సభ్యత్వంతో ఇతర ఊళ్ల మ్యూజియాల్లోకి వెళ్లనిచ్చే ట్రావెల్ పాస్‌పోర్ట్ పథకంలో 90 మైళ్ల నిబంధన ఉంది. మీ ఇంటికి ఆ దూరంలోపు ఉన్నవాటికి అది పనిచేయదు.

కారులో నేపర్‌విల్ వైపు నుంచి వస్తే ఐ-55 చివరిదాకా వెళ్లి లేక్ షోర్ డ్రైవ్ మీద దక్షిణానికి తిరిగి 57వ వీధి దగ్గర దిగాలి. సోల్జర్ ఫీల్డ్ స్టేడియంలో బేర్స్ ఫుట్‌బాల్ జట్టు ఆట ఉన్న ఆదివారం ఆ దారి స్తంభించిపోతుంది. అప్పుడు డాన్ రయన్ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా గార్ఫీల్డ్ బులెవార్డ్‌లో దిగి తూర్పుకు రండి. పార్కింగ్ భూగర్భంలో ఉండి నేరుగా మ్యూజియంలోకి తెరుచుకుంటుంది. చలికాలంలో బరువు కోట్లు కారులోనే వదిలేయొచ్చు, నలుగురి కోట్లు మోస్తూ నాలుగు గంటలు తిరగడం కంటే అదే నయం. రైలు మీద రావాలనుకుంటే నేపర్‌విల్, అరోరా వైపు నుంచి వచ్చే బీఎన్ఎస్ఎఫ్ లైన్ యూనియన్ స్టేషన్‌లో వదులుతుంది. అక్కడి నుంచి దాదాపు మైలు నడిచి మిలీనియం స్టేషన్‌లో మెట్రా ఎలక్ట్రిక్ ఎక్కి 55-56-57వ వీధి స్టేషన్‌లో దిగాలి, మరో పది నిమిషాల నడక. స్ట్రోలర్, ముసలివాళ్లు ఉంటే ఆ మధ్యలో మైలు నడక గురించి ముందే ఆలోచించుకోండి.

పెద్దవాళ్లకు చక్రాల కుర్చీ మ్యూజియంలోనే ఊరికే ఇస్తారు, ముందు వచ్చినవారికి ముందు. మొహమాటపడి వద్దంటారు, అయినా తీసుకోండి. ఇంటి తిండి తెచ్చుకుంటే కేటాయించిన చోటే తినాలి. పులిహోర, చపాతీ రోల్ లాంటి చల్లారినా బాగుండేవి తెచ్చుకోండి, వేడిచేసే వీలుంటుందని అనుకోవద్దు. పన్నెండింటికి కాక పదకొండున్నరకే కూర్చుంటే బల్ల దొరుకుతుంది. తప్పిపోతే కలుసుకోవడానికి గోపురం కింది గుండ్రటి హాలు రోటుండాను గుర్తుపెట్టుకోండి. పిల్లల చేతి మీద ఫోన్ నంబరు రాయండి.

ఈ భవనం 1893 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిందని తెలియగానే పెద్దవాళ్లు "వివేకానందుడు మాట్లాడింది ఇక్కడేనా" అని అడుగుతారు. కాదు. ఆ ఏడాది సెప్టెంబర్ 11 ప్రసంగం ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలో, డౌన్‌టౌన్ మిషిగన్ అవెన్యూ మీద. మ్యూజియం వెనక జాక్సన్ పార్క్‌లోని జపనీస్ తోటకు టికెట్ లేదు. ఎండ కాసిన రోజు తాతయ్య, అమ్మమ్మలు అక్కడ కూర్చుంటారు. తిరుగు ప్రయాణంలో ఐ-55 మీదే లెమాంట్ రోడ్డు దగ్గర దిగితే రాముడి గుడి వస్తుంది. మ్యూజియం మూసేదాకా ఉండకుండా మూడింటికల్లా బయల్దేరితే గుడికి వెళ్లే వీలు దొరుకుతుంది, సాయంత్రం ఐ-55 రద్దీ కూడా తప్పుతుంది.