సంక్రాంతి పొగమంచులో వరసగా గుద్దుకున్న కార్లు: తప్పెవరిదో తేలేదెలా?

డిసెంబరు చివర్నుంచి రథసప్తమి దాకా మన డెల్టాలో తెల్లవారుజాము ప్రయాణం ప్రమాదమే. గోదావరి పాయలు, కాలువలు, చేపల చెరువులు అన్నీ కలిసి మంచు పుట్టిస్తాయి. రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరిన పండగ కార్లు సిద్ధాంతం, రావులపాలెం వంతెనలకు చేరేది సరిగ్గా అదే వేళకి. ముందు బండి బ్రేకు వేస్తే వెనక నాలుగు బండ్లు వరసగా గుద్దేస్తాయి. దిగీ దిగగానే అందరూ అనేది "వెనకోడిదే తప్పు" అని. అది సగమే నిజం.

ముందు బండి హఠాత్తుగా ఆగినా మనం ఆపుకోగలిగినంత దూరం ఉంచాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. 2018లో నిశాన్ సింగ్ కేసులో లారీకీ, వెనక కారుకీ మధ్య 10-15 అడుగులే ఉంటే అది చాలదనీ, తప్పు కారు డ్రైవరుదేననీ సుప్రీంకోర్టు తేల్చింది. లెక్క చూడండి: గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 17 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ 15 అడుగులూ అయిపోతాయి. తడి రోడ్డు మీద 60లో ఆగడానికి సుమారు 45 మీటర్లు కావాలి, 40లో అయితే పాతిక లోపు. ముందు 30 మీటర్లే కనబడుతుంటే 60లో వెళ్లడం కళ్లు మూసుకుని నడపడమే.

ముందు బండి కూడా తప్పించుకోలేదు. 2025 జులైలో తీర్పొచ్చిన కోయంబత్తూరు కేసులో హైవే మీద సిగ్నల్ లేకుండా కారు ఠక్కున ఆగింది. వెనక మోటార్‌సైకిల్ దాన్ని గుద్ది పడిపోయింది, ఆపైన బస్సు ఎక్కింది. సుప్రీంకోర్టు కారు వంతు 50 శాతం, బస్సుది 30, మోటార్‌సైకిల్‌ది 20 అని పంచింది. వెనక లైట్లు లేకుండా రోడ్డు మీద వదిలేసిన ధాన్యం ట్రాక్టరు సంగతీ ఇంతే. ప్రమాదకరంగా బండి నిలపడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కింద తప్పు. అలాంటిదాన్ని ఎవరైనా గుద్దితే, దాన్ని కదపక ముందే వెనక భాగం ఫొటో తీయాలి. ఆ తర్వాత రేడియం స్టిక్కరు అతికించినా మనకు తెలియదు.

అసలు చిక్కు నడిమి కారుతోనే. తానే ముందు కారుని గుద్దిందా, ఆగి ఉంటే వెనకది నెట్టిందా? ముందు కారాయన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఏవండీ, మీకు దెబ్బ ఒకసారి తగిలిందా, రెండుసార్లా?" ఒక్కసారే అయితే నడిమి కారుని నెట్టి ఉండే అవకాశం ఎక్కువ. రెండైతే అది ముందే గుద్దింది, ఆపైన వెనకది వచ్చి మళ్లీ తోసింది. బంపర్లూ సాక్ష్యం చెబుతాయి. బ్రేకు నొక్కుతూ గుద్దితే ముక్కు కిందికి వంగి, ముందు కారు బంపరు అడుగున దెబ్బ పడుతుంది. ఆగి ఉండగా నెడితే గుర్తులు ఇంచుమించు సమానమైన ఎత్తులో ఉంటాయి. డిక్కీ నుజ్జయి బానెట్‌కి కాస్త సొట్టే పడితే నెట్టారనుకోవచ్చు. ఇందులో ఏ ఒక్కటీ దానంతటదే చాలదు. అన్నీ ఒకేవైపు చూపిస్తేనే నమ్మాలి.

ఇవన్నీ చూసేముందు మనుషులు బతకాలి. మంచులో అయిదో బండి, ఆరో బండి ఇంకా వస్తూనే ఉంటాయి. హజార్డ్ లైట్లు వేసి అందరినీ రెయిలింగ్ అవతలికో, మార్జిన్ దాటించో నిలబెట్టండి. కార్ల మధ్య నిలబడి వాదించుకోవద్దు. ఎర్ర హెచ్చరిక ట్రయాంగిల్‌ని రోడ్డు అంచున వెనక్కి కనీసం 50 మీటర్లు తీసుకెళ్లి పెట్టండి. 108కీ, హైవే అయితే 1033కీ ఫోన్ చేయండి. బండ్లు కదపక తప్పకపోతే చక్రాల చోట సుద్దముక్కతో గీసి, మొత్తం వరస కనబడేలా నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీయండి. టైరు గీతలు, గాజుపెంకులు, నంబరు ప్లేట్లు అందులో పడాలి. డాష్‌క్యామ్ ఉంటే కార్డు అప్పుడే తీసి దాచండి, లేకపోతే పాత వీడియో మీద కొత్తది రికార్డయిపోతుంది.

పెద్దమనుషులు వచ్చి రాజీ అంటారు. "తప్పు నాదే" అని కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని పాలసీలోనే ఉంటుంది, ఆ కాగితం వల్ల క్లెయిమ్ పోవచ్చు. ఎవరికైనా గాయమైతే 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం చట్టప్రకారం డ్రైవరు విధి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ అయ్యేదాకా బండి షెడ్డుకి పంపవద్దు. బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో ఆయన రాసేదే తర్వాత పనికొస్తుంది.

కారులో కూర్చున్న మీ అత్తయ్యకో, పిల్లలకో దెబ్బ తగిలితే ఏ డ్రైవరు వంతు ఎంతో తేలేదాకా ఆగక్కర్లేదు. తప్పు ఇద్దరు ముగ్గురు డ్రైవర్లదైతే మొత్తం పరిహారం వాళ్లలో ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యేయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డ్రైవరుకి మాత్రం తన తప్పు వంతు కోసేస్తారు. రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేయడానికి చట్టంలో ఉన్న గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు.

బయల్దేరే ముందు పాలసీ ఒకసారి తీసి చూడండి. ఉత్త థర్డ్ పార్టీదైతే మీ కారు రిపేరుకి మీ కంపెనీ రూపాయి ఇవ్వదు. వెనక లైట్లు, బ్రేకు లైట్లు ఇంట్లో వాళ్లని వెనక నిలబెట్టి చూపించుకోండి.