కంప్యూటర్ సవ్యంగా షట్ డౌన్ అవుతోందో లేదో పరీక్షించడం ఎలా?

తెర నల్లబడి, ఫ్యాన్ చప్పుడు ఆగిపోతే కంప్యూటర్ కట్టేసినట్టేనని చాలామంది అనుకుంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ సవ్యంగా మూతపడిందనడానికి అది సాక్ష్యం కాదు. కరెంటు పోయినా, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లపాటు నొక్కి పట్టుకున్నా తెర అలాగే నల్లబడుతుంది. నడుస్తున్న ప్రోగ్రాములకు మూసుకోమని కబురు అంది, అవి తమ ఫైళ్లను భద్రపరచుకుని, తెర వెనక నడిచే సర్వీసులు ఆగి, మెమరీలో మిగిలిన డేటా డిస్కు మీదికి చేరాక మాత్రమే విద్యుత్తు ఆగితే అది సవ్యమైన షట్ డౌన్. ఈ వరుస పూర్తయిందో లేదో తెలియాలంటే యంత్రాన్ని మళ్ళీ ఆన్ చేసి, అది రాసుకున్న లాగ్‌ను, అంటే జరిగిన పనుల చిట్టాను, చదవాలి.

శ్రీకాకుళం జిల్లాలో ఈ పరీక్ష తుఫానుల కాలానికి ముందే చేసుకోవడం మంచిది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానం పల్లెలను రోజుల తరబడి చీకట్లో ఉంచింది. కాశీబుగ్గ జీడిపప్పు కొట్టులోని బిల్లింగ్ కంప్యూటర్‌కైనా, రైస్ మిల్లు వేబ్రిడ్జి గదిలోని దానికైనా, యూపీఎస్ కూత పెట్టడం మొదలయ్యాక మిగిలేవి కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో షట్ డౌన్ పూర్తవుతుందని ముందుగానే తెలిసి ఉండాలి.

మొదట చేయాల్సింది బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టండి.

తరువాత విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ సంగతి తేల్చుకోవాలి. పరీక్ష చేసేవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. విండోస్ 8 నుంచి వస్తున్న ఈ సదుపాయం ఆన్‌లో ఉంటే, మీరు షట్ డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు, మీ లాగిన్ మూతపడతాయి గాని, సిస్టమ్ కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) మూతపడకుండా తమ స్థితిని డిస్కు మీద ఒక ఫైలులో దాచుకుంటాయి. మరునాడు ఆన్ చేస్తే అక్కడి నుంచే కొనసాగుతాయి. మీ కంప్యూటర్‌లో ఇది జరుగుతోందో లేదో చూడటానికి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సీపీయూ కింద ఉండే అప్ టైమ్ అంకెను గమనించండి. రాత్రి కట్టేసి పొద్దున్నే ఆన్ చేసిన యంత్రం అక్కడ రోజుల లెక్క చూపిస్తుంటే, అది నిజంగా షట్ డౌన్ కానే లేదన్నమాట. మరో ఆనవాలు సిస్టమ్ లాగ్‌లో (దాన్ని తెరిచే పద్ధతి కింద ఉంది) కెర్నల్-బూట్ పేరుతో ఉండే 27వ నంబరు ఈవెంట్. అందులో బూట్ టైప్ (యంత్రం మొదలైన తీరు) చివరి అంకె 0 అయితే పూర్తి బూట్, 1 అయితే ఫాస్ట్ స్టార్టప్. పరీక్ష కోసం షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్ డౌన్ ఎంచుకుంటే, ఆ ఒక్కసారికి పూర్తి షట్ డౌన్ జరుగుతుంది. రీస్టార్ట్ ఎప్పుడూ పూర్తిగా మూసే తెరుస్తుంది. అందుకే షట్ డౌన్ చేసి ఆన్ చేసినా తీరని కొన్ని సమస్యలు రీస్టార్ట్‌తో తీరిపోతుంటాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. ప్రోగ్రాములన్నీ మూసి, గడియారం చూసి సమయం కాగితం మీద రాసుకుని, షిఫ్ట్ కీతో షట్ డౌన్ చేయండి. తెర నల్లబడటానికి, యంత్రం మీది లైటు, ఫ్యాన్ ఆగడానికి ఎంతసేపు పట్టిందో విడివిడిగా నమోదు చేయండి. తెర ఆరిపోయి ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటే షట్ డౌన్ చివరి మెట్టు దగ్గర ఏదో అడ్డుపడిందని అర్థం.

మళ్ళీ ఆన్ చేశాక స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్ ఎంచుకుని, కుడివైపున్న ఫిల్టర్‌లో 41, 1074, 6005, 6006, 6008 అనే నంబర్లను కామాలతో టైప్ చేయండి. వేల వరుసలు పోయి, కావలసిన కొన్నే మిగులుతాయి. 1074లో షట్ డౌన్‌ను ఏ ప్రోగ్రాము, ఏ యూజర్ తరఫున కోరిందో ఉంటుంది. 6006 అంటే ఈవెంట్ లాగ్ సర్వీసు పద్ధతిగా ఆగిందని, 6005 అంటే తిరిగి మొదలైందని. మీరు రాసుకున్న సమయానికి 1074, 6006, ఆపై ఆన్ చేసిన వేళకు 6005 ఇదే వరుసలో కనిపిస్తే షట్ డౌన్ సవ్యంగా జరిగినట్టే.

6008 గానీ, కెర్నల్-పవర్ పేరుతో 41 గానీ కనిపిస్తే, ముందటిసారి యంత్రం అర్ధాంతరంగా ఆగిందన్నమాట. ఈ రెండూ ఆగిన క్షణంలో రాసినవి కావు. కరెంటు తెగిన యంత్రం ఏమీ రాసుకోలేదు కనుక, మళ్ళీ లేచాక లెక్క చూసుకుని రాస్తుంది. 41 వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 కాకుండా వేరే అంకె ఉంటే విండోస్ కుప్పకూలి నీలి తెర వచ్చిందని అర్థం, అప్పుడు నిందించాల్సింది కరెంటును కాదు.

ఎప్పుడూ విఫలం కాని పరీక్షను నేను నమ్మను. చెడ్డ షట్ డౌన్ లాగ్‌లో ఎలా ఉంటుందో కూడా కళ్ళారా చూడాలి. దాని కోసం కొట్టులోని యంత్రం ప్లగ్ పీకవద్దు. వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టుకుని, స్నాప్‌షాట్ (అప్పటి స్థితి నకలు) తీసుకోండి. దాని కిటికీ మూసేటప్పుడు వచ్చే ఎంపికల్లో షట్ డౌన్ సంకేతం పంపేది ఒకటి, పవర్ ఆఫ్ చేసేది మరొకటి. రెండోది ప్లగ్ పీకడంతో సమానం. ఒకసారి అది, ఒకసారి ఇది చేసి రెండు లాగ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి.

తరువాతి మెట్టు పనిలో ఉన్న యంత్రాన్ని పరీక్షించడం. సేవ్ చేయని ఒక ఉత్తుత్తి డాక్యుమెంటు, పెన్‌డ్రైవ్‌లోకి సాగుతున్న పెద్ద కాపీ, తెరిచి ఉన్న బిల్లింగ్ ప్రోగ్రాములో ఒక నకిలీ బిల్లు ఉంచి షట్ డౌన్ చేయండి. ఫలానా ప్రోగ్రాము అడ్డుపడుతోందని విండోస్ చెప్పి, మీ నిర్ణయం కోసం ఆగాలి. మొదటిసారి రద్దు చేసి అన్నీ యథాతథంగా ఉన్నాయేమో చూడండి, రెండోసారి ఎలాగైనా మూసేయమనండి. ఇలా బలవంతంగా మూయించినా లాగ్‌లో 6006 చక్కగా పడవచ్చు. కొట్టు షట్టర్ సరిగ్గా దించినంత మాత్రాన లోపల గల్లాపెట్టె లెక్క సరిపోయినట్టు కాదు కదా! కాబట్టి బిల్లు నంబర్లు, నిల్వలు తెరిచి చూసుకోవాలి.

డిస్కు ఇచ్చే సాక్ష్యం వేరుగా ఉంటుంది. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీలు (కొత్త తరహా వేగవంతమైన డిస్కులు) తమకు ముందస్తు కబురు లేకుండా విద్యుత్తు పోయిన ప్రతిసారీ అన్‌సేఫ్ షట్‌డౌన్స్ అనే అంకెను పెంచుకుంటాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములో ఆ అంకెను పరీక్షకు ముందు, తరువాత చూడండి. పాత యంత్రంలో అది ఎంత పెద్దదైనా కంగారు పడనక్కరలేదు. పరీక్ష వల్ల పెరగకూడదు, అంతే.

ఉబుంటు వంటి లినక్స్ వాడేవారు జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు మైనస్ బీ, మైనస్ 1 చేర్చి ముందటి బూట్ తాలూకు లాగ్ చివరి వరుసలు చదవాలి. సర్వీసులు వరుసగా ఆగి, చివర జర్నల్ (లినక్స్ లాగ్ రాసే సర్వీసు) ఆగినట్టు ఉంటే మంచిదే. మామూలు పని మధ్యలో లాగ్ ఠక్కున తెగిపోయి ఉంటే, పైగా కొత్త బూట్ లాగ్‌లో ఫైల్ సిస్టమ్ రికవరీ అయినట్టు మాట ఉంటే, అది చెడ్డ షట్ డౌన్. ఏదైనా సర్వీసు మొండికేస్తే తెర మీద ఒకటిన్నర నిమిషం లెక్క నడుస్తుంది, ఎందుకంటే లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు వేచి చూశాకే దాన్ని బలవంతంగా ఆపుతుంది. ఆ వేళ బటన్ నొక్కకుండా ఆగి, సర్వీసు పేరు రాసుకోండి.

చివరగా యూపీఎస్. గోడ స్విచ్ ఆపి యూపీఎస్ మీద నడిపిస్తూ, పనిలో ఉన్న యంత్రాన్ని షట్ డౌన్ చేసి సమయం చూడండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో వేరుగా, కంప్యూటర్‌కు బదులు ఒక బల్బు లాంటి అంతే లోడు తగిలించి కొలవండి. షట్ డౌన్ సమయానికి బ్యాటరీ సమయం కనీసం రెట్టింపు ఉండాలన్నది నా లెక్క. విండోస్ అప్‌డేట్లు షట్ డౌన్ వేళ ఇన్‌స్టాల్ అయితే రెండు నిమిషాల పని పది నిమిషాలకు సాగవచ్చు కనుక, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున్నే అప్‌డేట్లు ముగించి ఒకసారి రీస్టార్ట్ చేయండి.

పరీక్ష తప్పితే మొదట ప్రింటర్, స్కానర్, వేబ్రిడ్జి కేబుల్ వంటివన్నీ తీసేసి మళ్ళీ చేయండి. అప్పుడు సరిగ్గా ఆగితే ఒక్కొక్కటే తగిలిస్తూ దోషి ఏదో పట్టుకుని, దాని డ్రైవర్ మార్చండి. అన్నీ తీసినా ఆగకపోతే ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూడండి, ఆ తరువాత మదర్‌బోర్డు తయారీదారు ఇచ్చే బయాస్ (యంత్రాన్ని మొదట లేపే ప్రోగ్రాము) అప్‌డేట్ వైపు వెళ్ళండి. దాన్ని మాత్రం కరెంటు నిలకడగా ఉన్న రోజే పెట్టుకోండి.