ఇంట్లో ఉంటూనే మందు మాన్పించాలంటే: బెంగళూరు తెలుగువాళ్ళకి

ముందుగా ఒక్క మాట. రోజూ తాగే మనిషి చేత ఉన్నట్టుండి మాన్పించకండి. ఒట్టు వేయించుకుని, పర్సు లాక్కుని, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే నాలుగు రోజుల్లో దారికొస్తాడని మనవాళ్ళ నమ్మకం. నేను మారతహళ్ళి పీజీలో ఉన్నప్పుడు రూమ్మేట్ ఒకడు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు, అంతకుముందు రోజు వరకూ రోజుకి రెండు క్వార్టర్లు పడాల్సిందే. మాల వేసుకున్న సాయంత్రం చేతులు వణికితే చన్నీళ్ళ స్నానం పడలేదేమో అనుకున్నాం. మర్నాడు తెల్లవారుజామున బకెట్ పక్కనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. భక్తిలో లోపమేం లేదు. ఏళ్ళ తరబడి మందు మెదడుకి బ్రేకులు వేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటూ పోతుంది. బ్రేకు ఒక్కసారిగా తీసేస్తే ఆ జోరు అలాగే మిగిలిపోతుంది.

వణుకు, చెమటలు, వాంతులు చివరి పెగ్గు తర్వాత ఆరేడు గంటల నుంచే మొదలవుతాయి. ఫిట్స్ ప్రమాదం ఎక్కువగా మొదటి 48 గంటల్లో. అసలు భయపడాల్సింది రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు, ఎందుకంటే మనిషి అయోమయంలో పడి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ, ఇంట్లో వాళ్ళనే గుర్తుపట్టకుండా పోయేది అప్పుడే. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణం మీదికి తెస్తుంది.

అలాగని అందరూ ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. ఓపీలోనే చూపించుకుని, మాత్రలు ఇంట్లో వేసుకుంటూ, మొదటి కొన్ని రోజులు రోజూ వెళ్ళి డాక్టర్‌కి కనబడుతూ చేసే డీటాక్స్, అంటే ఒంట్లోంచి మందు వదిలించే చికిత్స, ఉంది. మా బావకి అలాగే జరిగింది, కేఆర్ పురంలో అక్క వాళ్ళింట్లో ఆరు రోజులు నేను పక్కనే ఉన్నాను. కానీ ఇది ఎవరికి కుదురుతుందో మనం తేల్చుకోకూడదు. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, కామెర్లు ఉన్నా, గుండె జబ్బున్నా, చచ్చిపోవాలని ఉందన్నా, మందుతో పాటు నిద్రమాత్రలు కూడా అలవాటైనా, గర్భిణి అయినా అడ్మిషనే మేలు. ఒంటరిగా పీజీలో ఉండేవాళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తారు. మా బావని చూసిన డాక్టర్ కూడా అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగింది "ఇంట్లో ఎవరుంటారు?" అనే.

బెంగళూరులో అయితే హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసనాల కోసమే సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. రద్దీ ఎక్కువ, ఉదయాన్నే వెళ్ళాలి, టిఫిన్ కట్టుకుని వెళ్ళండి. చెన్నైలో ఉన్నవాళ్ళకి ఇందిరానగర్‌లో టీటీకే ఆసుపత్రి, దీన్ని నడిపే సంస్థని 1980లో శాంతి రంగనాథన్ మొదలుపెట్టారు. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే మత్తుపదార్థాల హెల్ప్‌లైన్ 14446కి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. దగ్గర్లోని పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉన్నా సరే.

డాక్టర్ దగ్గర అబద్ధాలొద్దు, ఎందుకంటే మాత్రల డోసు వేసేది మనం చెప్పే లెక్కను చూసే. బావ "రోజూ ఓ క్వార్టర్ సార్" అన్నాడు. అక్క ఏమీ మాట్లాడకుండా, పాత సామాన్లవాడికి వేద్దామని ఉంచిన ఖాళీ సీసాల ఫొటో చూపించింది, వారానికి ఎన్నో లెక్కపెట్టి మరీ తీసుకొచ్చింది. రోజుకి మూడు తేలాయి. క్వార్టరంటే 180 ఎంఎల్, మూడంటే అర లీటరు దాటింది. చివరిసారి ఎప్పుడు తాగాడు, షుగరు బీపీ మందులేవి, గంజాయి లాంటివేమైనా ఉన్నాయా, ఇవి కూడా చెప్పేయండి. చికిత్స వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది కాబట్టి ఆఫీసుకి తెలిసిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు.

మాత్రలు ఎక్కువగా క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇస్తారు, లివర్ దెబ్బతింటే లొరాజెపామ్ వైపు మొగ్గుతారు. మొదట ఎక్కువ, తర్వాత రోజురోజుకీ తగ్గిస్తూ వారం అటూఇటుగా ఆపేస్తారు. వీటికీ అలవాటు పడే గుణముంది, అందుకే ఆ స్ట్రిప్పు తాగే మనిషి చేతిలో ఉండకూడదు. అక్క బియ్యం డబ్బాలో దాచి, టైముకి ఒకటి తీసి, మింగాడని చూశాకే పక్కకి వెళ్ళేది. నేను ఓ నోట్‌బుక్‌లో టైము, మాత్ర, వణుకు, నిద్ర రాసేవాణ్ణి. వణుక్కి మా కొలత స్టీలు గ్లాసు: నిండా నీళ్ళు పోసి చేతికిస్తే మొదటి రోజు సగం లుంగీ మీదే పడ్డాయి, మూడో రోజుకి అంచున నాలుగు చుక్కలు.

ఆ మాత్రలు వేసుకుంటూ తాగితే ఊపిరే ఆగిపోవచ్చు. తాగాడని అనుమానమొస్తే తర్వాతి డోసు ఇవ్వకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి, తిట్టడం తర్వాత చూసుకోవచ్చు. బండి తాళాలు కూడా దాచేయండి, మత్తులో సిల్క్ బోర్డు దాకా పోయొస్తానంటారు. థయమిన్, అంటే బీ1 విటమిన్, తప్పకుండా రాయించుకోండి, తాగేవాళ్ళ ఒంట్లో అది అడుగంటిపోతుంది. తిండికి రాగిజావ, మజ్జిగ, పెరుగన్నం, ఏది లోపల నిలబడితే అది.

ఫిట్స్ వచ్చినా, మాటలు తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, నడక తూలి రెండేసి కనబడుతున్నా, జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, రక్తం పడినా ఓపీ దాకా ఆగొద్దు. వెంటనే 108.

గంజాయి మానితే చిరాకు, నిద్రలేమి ఉంటాయి గానీ ఇలాంటి ప్రమాదం తక్కువ. నిద్రమాత్రలకి అలవాటు పడ్డవాళ్ళు మాత్రం వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, వాటికీ ఫిట్స్ వస్తాయి, నెమ్మదిగా తగ్గించాల్సిందే. హెరాయిన్ రకం వాటికి నాలుక కింద కరిగే బుప్రెనార్ఫిన్ ఇస్తారు. అవి కొన్నాళ్ళు మాని మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోవచ్చు, ఒళ్ళు అప్పటికి ఆ అలవాటు మర్చిపోయి ఉంటుంది.

వారం గడిచాక తేలికపడి అక్కడితో ఆపేసేవాళ్ళే ఎక్కువ. ఆ వారంలో ఒంట్లోంచి మందు పోయింది, అంతే. తాగాలనే యావ తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్, ఎకాంప్రోసేట్ లాంటివి, కౌన్సెలింగ్, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా ఉండే బృందం) మీటింగులు తర్వాత మొదలవుతాయి, కాబట్టి చివరి రోజే తర్వాతి తారీఖు రాయించుకుని రండి. డైసల్ఫిరామ్ అనే మాత్ర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది వేసుకుని తాగితే ఒళ్ళు మండి, గుండె దడదడలాడి, కొందరికి ప్రాణం మీదికొస్తుంది. తెలియకుండా చారులో కలిపేద్దామా అని అక్క అడిగింది, పేపర్లో వచ్చే "మందు మాన్పించే పొడి" ప్రకటనలు చూసి. డాక్టర్ అక్కకి సమాధానం చెప్పకుండా బావని లోపలికి పిలిపించి, "మీ ఆవిడ ఇది ఇద్దామంటోంది, వేసుకుంటారా?" అని నేరుగా ఆయన్నే అడిగారు. బావ వద్దన్నాడు. నాల్‌ట్రెక్సోన్ రాసి పంపారు.