బీపీ మందులు, మూడో పాఠం: ఇబ్బందికి తేదీ వేయడం

మొదటి పాఠంలో ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవడం, రెండో పాఠంలో మాత్రల స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవడం నేర్చుకున్నాం. ఆ పేర్లు రాసుకున్న నోట్‌బుక్కు పక్కన పెట్టుకోండి. రాసుకోకపోతే ముందు ఆ పని చేసి రండి. ఈ పాఠమంతా ఆ పేర్ల మీదే నడుస్తుంది.

బీపీ మాత్ర మొదలుపెట్టాక ఒంట్లో ఏదైనా తేడా చేస్తే చాలామంది మాత్ర మానేస్తారు, లేదా నోరు మెదపకుండా భరిస్తారు. రెండూ వద్దు. ఆ తేడా మాత్ర వల్లేనా అని డాక్టరు తేల్చగలిగేలా చెప్పడం నేర్చుకుందాం. అందులో సగం పని తేదీలు రాసుకోవడమే.

మా నాన్నగారికి పొడి దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, పడుకుంటే గొంతులో గరగర. సిరప్పులు తాగారు, ఎక్స్‌రే తీయించాం, అలర్జీ మాత్రలు వాడారు. ఎక్కడికి వెళ్ళినా "చాలా రోజుల్నుంచి దగ్గండీ" అనే చెప్పాం. మూడు నెలల తర్వాత ఒక డాక్టరు గారు అడిగారు: "దగ్గు ముందా, బీపీ మాత్ర ముందా?" మా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి మందుల షాపు బిల్లులు వెతికితే, రామిప్రిల్ మొదలుపెట్టిన ఐదో వారంలో మొదటి సిరప్పు కొన్నట్టు తేలింది. ఆయన దాన్ని ఆపి టెల్మిసార్టాన్ రాశారు. మూడు వారాల్లో దగ్గు పోయింది. ఆ తేదీ మొదట్లోనే చెప్పి ఉంటే నాన్నగారు అన్ని రాత్రులు కూర్చుని గడపాల్సి వచ్చేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి 'ప్రిల్' మందులు రక్తనాళాలను బిగించే పదార్థం తయారవకుండా ఆపుతాయి. అదే పనిలో బ్రాడికైనిన్ అనే మరో పదార్థం ఒంట్లో పేరుకుంటుంది. దగ్గుకు ముఖ్య కారణం అదే. కొందరికి రోజుల్లో మొదలవుతుంది, కొందరికి నెలలు పడుతుంది. 'సార్టాన్' మందులతో ఈ దగ్గు అరుదు.

ఇప్పుడు నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి నాలుగు ప్రశ్నలు రాయండి. ఇబ్బంది ఏమిటి, రోజులో ఎప్పుడు ఎక్కువ? ఏ తేదీన మొదలైంది? అంతకు ముందు రెండు మూడు నెలల్లో ఏ మాత్ర చేరింది, ఏ మోతాదు మారింది? బీపీవి కాకుండా ఇంకేం వేసుకున్నాను?

రెండో జవాబు, మూడో జవాబు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఉదాహరణకి ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో వచ్చే కాళ్ళ వాపు. 5 మిల్లీగ్రాముల మోతాదులో లేని వాపు 10కి పెంచాక రావచ్చు. సాయంత్రానికి చీలమండల దగ్గర చెప్పుల గుర్తులు పడతాయి, తెల్లవారేసరికి తగ్గుతుంది. చిన్న రక్తనాళాలు వదులై నీరు బయటికి ఊరడం వల్ల వచ్చే వాపు కాబట్టి, నీరు పోయే మాత్రతో పెద్దగా తగ్గదు. డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, లేదా 'సార్టాన్' మందు జత చేయవచ్చు. కానీ వాపుతో పాటు ఆయాసం వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచినా అది వేరే సంగతి. ఆ రోజే చూపించుకోవాలి.

లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? ఐదు నిమిషాలు కూర్చుని బీపీ చూడండి. లేచి నిలబడి 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్ళీ చూడండి. పక్కన ఒకరు ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ మూడు రీడింగులూ డాక్టరుకి చూపించాలి. ప్రోస్టేటుకి టామ్సులోసిన్ వాడేవాళ్ళు ఆ పేరు తప్పక చెప్పండి, అది కూడా బీపీని దించుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఏ మాత్ర ఆపాలో, ఏది వేసుకోవాలో ఆరోగ్యం బాగున్నప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

ఇక నాలుగో ప్రశ్న. మనం డాక్టరుకి చెప్పకుండా వదిలేసేవి ఎక్కువగా ఇక్కడే ఉంటాయి. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలిపి బీపీ పెంచుతాయి. 'ప్రిల్' గానీ 'సార్టాన్' గానీ, నీరు పోయే మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ కూడా బీపీ పెంచగలదు. సోడియం తక్కువ ఉప్పు మంచిదని కొనేవాళ్ళు ప్యాకెట్టు చూడండి. అందులో పొటాషియం ఉంటుంది, 'సార్టాన్' వాడేవారికి అది రక్తంలో ఎక్కువైపోవచ్చు.

నాన్నగారు దగ్గు తగ్గాలని అన్నాళ్ళూ రోజూ అతిమధురం ముక్క నమిలేవారు. ఆ నెలల్లో ఆయన బీపీ కూడా పెరిగింది. దానివల్లే అని నేను ఖాయంగా చెప్పలేను. కానీ అతిమధురం ఎక్కువ వాడితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. వంటింటి మందు కదా అని మేము ఎవరికీ చెప్పలేదు. మీరు చెప్పండి.

ఓపీలో మనకి దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే ఇలా మొదలుపెట్టండి: "డాక్టరు గారూ, ఆమ్లోడిపిన్ 10కి పెంచింది జూన్ 3న. జూన్ 20 నుంచి సాయంత్రాలు కాళ్ళు వాస్తున్నాయి, ఆయాసం లేదు. వారం రోజుల బీపీలు ఇవిగో. మోకాళ్ళకి ఎసిక్లోఫెనాక్ పది రోజులు వేసుకున్నాను." తర్వాత అడగండి: మోతాదు మారుస్తారా, మందు మారుస్తారా? క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి? చెప్పిన జవాబు అక్కడే రాసుకోండి.

అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడనివి కూడా ఉన్నాయి. పెదవులు, నాలుక, ముఖం వాయడం, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. ఎటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ వాడేవాళ్ళు ఏ ఇబ్బంది వచ్చినా మాత్రని వాళ్ళంతట వాళ్ళు హఠాత్తుగా మానకూడదు. బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు, గుండెకి ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న మందులన్నీ, నొప్పి మాత్రలు, జలుబు మాత్రలు, కషాయం పొడులతో సహా, ఒక సంచిలో వేయండి. ఒక్కొక్కటి తీసి పేరు, మొదలుపెట్టిన తేదీ రాయండి. తేదీ గుర్తులేకపోతే పాత బిల్లులు, మందుల చీటీలు వెతకండి. వచ్చే పాఠంలో రక్త పరీక్ష రిపోర్టులో క్రియాటినిన్, పొటాషియం, సోడియం చదవడం నేర్చుకుందాం. మీ పాత రిపోర్టులు కూడా అదే సంచిలో పెట్టండి.