గ్రాన్ టూరిస్మో 4 మళ్లీ నడవాలంటే: పాత పీఎస్2 సమస్యలు, పరిష్కారాలు

అటక మీద నుంచి దించిన పీఎస్2లో (సోనీ ప్లేస్టేషన్ 2 గేమ్ మిషన్) మిగతా ఆటలన్నీ బాగానే నడుస్తాయి. కార్ల రేసింగ్ ఆట గ్రాన్ టూరిస్మో 4 మాత్రం మొరాయిస్తుంది. దానికి కారణం ఉంది. 2005లో మన దాకా వచ్చిన ఈ ఆటలో 700కు పైగా కార్లున్నాయి. అవన్నీ మామూలు డీవీడీలో పట్టక డ్యూయల్ లేయర్ డీవీడీలో, అంటే డేటా పొరలు రెండున్న డిస్కులో వేశారు. లెన్సు కాస్త నీరసపడిందంటే ముందుగా ఈ రెండో పొరే అందకుండా పోతుంది. రిపేరు షాపులో చూపిస్తే "లేజర్ పోయింది, మార్చాల్సిందే" అనేస్తారు. ఆ మాటకు తలూపే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లల్లో దుమ్ము, ఎండ, కరెంటు, ఈ మూడే ఎక్కువ మిషన్లను పడుకోబెడతాయి. లేజర్ వంతు ఆ తర్వాతే.

ఎర్ర లైటే వెలగడం లేదు

పీఎస్2లో రెండు రకాలున్నాయి: మొదట వచ్చిన లావు మోడల్, తర్వాత వచ్చిన పల్చటి స్లిమ్. లావు మోడల్ అయితే ముందు వెనక్కి తిప్పి చూడండి. ఫ్యాను పక్కన మెయిన్ స్విచ్ ఒకటుంది. అది ఆఫ్‌లో ఉంటే ముందున్న బటన్ ఎంత నొక్కినా పలకదు. చాలామందికి ఆ స్విచ్ ఉందన్న సంగతే గుర్తుండదు.

అది ఆన్‌లోనే ఉంటే మిషన్ మీద అంటించిన స్టిక్కరు చదవండి. కడప, రాజంపేట వైపు ఇళ్లలో కువైట్ నుంచి తెచ్చినవి ఎక్కువ. అక్కడి కరెంటు 240 వోల్టులు కాబట్టి అక్కడ అమ్మినవాటితో మనకు పేచీ లేదు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన లావు మోడల్ మీద 120 వోల్టులని, జపాన్‌ది అయితే 100 వోల్టులని ఉంటుంది. దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే లోపలి ఫ్యూజు, ఒక్కోసారి పవర్ బోర్డు మొత్తం పోతుంది. అలాంటి వాటికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

స్లిమ్‌కు అడాప్టర్ బయటుంటుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే 8.5 వోల్టులు రావాలి. ల్యాప్‌టాప్‌ది 19 వోల్టుల అడాప్టర్ పిన్ను పట్టింది కదా అని పెట్టొద్దు. చివరగా వచ్చిన 90000 వరస స్లిమ్‌లలో పవర్ బోర్డు లోపలే ఉంటుంది, వాటికి మామూలు కరెంటు వైరు చాలు.

డిస్కు తిరుగుతుంది, ఆట రాదు

ముందు ఒక పరీక్ష చేయండి. పీఎస్2 ఆటలు రెండు రకాల డిస్కుల మీద వచ్చాయి. అడుగు నీలంగా ఉంటే సీడీ, వెండి రంగులో ఉంటే డీవీడీ. రెండింటినీ చదివే లేజర్లు వేరువేరు. అందుకని మూడు డిస్కులు దగ్గర పెట్టుకోండి: నీలం సీడీ ఒకటి, మామూలు డీవీడీ ఆట ఒకటి, గ్రాన్ టూరిస్మో 4 ఒకటి. మూడూ ఒరిజినల్సే కావాలి. రాసుకున్న కాపీ డిస్కుతో పరీక్ష పనికిరాదు. దాని రంగు పొర ఎండకు ఏళ్ల తరబడి వెలిసిపోయి ఉంటుంది, పైగా ఈ ఆట 4.7 జీబీ డిస్కులో పట్టదు కాబట్టి కాపీల్లో ఏదో ఒకటి కోసేసి ఉంటారు. తప్పు మిషన్‌దా, డిస్కుదా అన్నది తేలదు.

మూడూ రాకపోతే లెన్సు మీద దుమ్ము, మూత సెన్సర్, లేదా మోటారు అనుమానించాలి. సీడీ వచ్చి డీవీడీలు రెండూ రాకపోతే డీవీడీ లేజర్ నీరసపడింది, లేదా లెన్సు మసకబారింది. గ్రాన్ టూరిస్మో ఒక్కటే రాకపోతే శుభ్రం చేయడంతోనే బాగయ్యే అవకాశం ఎక్కువ. ఎర్ర తెర వచ్చి ప్లేస్టేషన్ డిస్కు పెట్టమని అడిగిందంటే రెండు కారణాలు ఉండొచ్చు: డిస్కును గుర్తుపట్టలేకపోవడం, లేదా రీజియన్ (డిస్కు, మిషన్ ఏ ప్రాంతం కోసం చేశారన్నది) తేడా. డిస్కు మీది కోడ్ 'ఎస్‌సీయూఎస్' అని మొదలైతే అమెరికాది, 'ఎస్‌సీఈఎస్' అయితే యూరప్‌ది. యూరప్ మిషన్లో అమెరికా డిస్కు ఎంత తుడిచినా నడవదు.

ఇంకొకటి గమనించాలి. ఆట ఎప్పుడూ ఒకే ట్రాక్ దగ్గర, ఒకే చోట ఆగుతుంటే తప్పు డిస్కుది, అక్కడ గీత ఉంది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆగుతుంటే, అదీ అరగంట ఆడాక మొదలవుతుంటే, తప్పు మిషన్‌ది. వేడి, లేదా లెన్సు.

*డిస్కు.* మెత్తటి నూలు గుడ్డ తడిపి, నడుమ నుంచి అంచుకు నిలువుగా తుడవాలి, గుండ్రంగా కాదు. డేటా దారి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ దారి వెంబడి పడ్డ గీత పెద్ద ముక్కను మింగేస్తుంది, అడ్డంగా పడ్డది చిన్న ముక్కతో పోతుంది. సీడీలో డేటా పొర లేబుల్ కిందే ఉంటుంది. బొమ్మ ఉన్న వైపు లోతుగా గీత పడితే దానికి మందు లేదు. డీవీడీలో డేటా 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటి నడుమ ఉంటుంది, అందుకే లేబుల్ గీతలకు అంతగా భయపడక్కర్లేదు. టూత్‌పేస్టు చిట్కా పైపై గీతలకు పనిచేస్తుంది, కానీ డ్యూయల్ లేయర్ డిస్కు మీద ఆ ప్రయోగం వద్దు.

*లెన్సు.* స్లిమ్‌లో మూత తీస్తే లెన్సు కనిపిస్తూనే ఉంటుంది. లావు మోడల్‌లో అడుగున చిన్న రబ్బరు మూతల కింద ఎనిమిదో పదో స్క్రూలుంటాయి. పై డొక్కు ఒక్కసారిగా లాగితే పవర్ బటన్ దగ్గరి పల్చటి రిబ్బన్ తెగుతుంది, మెల్లగా ఎత్తండి. ఆ తర్వాత డ్రైవ్ మీది ఇనుప రేకుకు నాలుగు స్క్రూలు. తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి, సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. దూది పుల్లకు ఒక్క చుక్క అంటించి లెన్సు మీద బరువు పడకుండా రెండు చుట్లు తిప్పి, పొడి పుల్లతో ఒకసారి అద్దితే చాలు. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, అది లెన్సు మీద జిడ్డు పొర వదులుతుంది. థిన్నర్ తగిలితే ప్లాస్టిక్ లెన్సు పాలిపోతుంది. బేతంచెర్ల, తాడిపత్రి లాంటి బండల పాలిష్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఇళ్లలో తెల్లటి సన్నపొడి మరీ ఎక్కువ. అక్కడ తుడవడానికి ముందే బ్లోయర్‌తో ఊదాలి. ఊదకుండా తుడిస్తే ఆ రాతిపొడే లెన్సును గీరుతుంది.

*కడ్డీలు.* లెన్సు నడిచే ఇనుప కడ్డీ మీది పాత గ్రీజు దుమ్ముతో కలిసి గట్టిపడి ఉంటుంది. డిస్కు నడిమి భాగం చదివి బయటి అంచుకు పోలేకపోతే ఇదే కారణం. ఐపీఏతో పాతదంతా తుడిచేసి, తెల్ల లిథియం గ్రీజు గోటి మొన మీద పట్టేంత రాయండి. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె పోయొద్దు. వారం బాగా నడిచి, ఆ నూనె దుమ్మును పట్టి మునుపటి కంటే అధ్వానమవుతుంది.

*తెల్ల చక్రం.* చాలా లావు మోడళ్లలో లెన్సు కడ్డీ పక్కన చిన్న తెల్ల పళ్ల చక్రం ఉంటుంది. లెన్సు ఎత్తును సరిచేసేది అదే. తిప్పేముందు మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఒక్కొక్క పన్నే జరుపుతూ, జరిపిన ప్రతిసారీ డిస్కు వేసి చూడండి. రెండు మూడు పళ్లలో తేడా కనపడకపోతే గుర్తు దగ్గరికే తెచ్చి వదిలేయండి. లేజర్ మీదున్న బుల్లి స్క్రూలు తిప్పి పవర్ పెంచే మెకానిక్‌లున్నారు. అప్పటికి ఆట వస్తుంది, కానీ ఉన్న కాస్త ఆయుష్షు కూడా తొందరగా అయిపోతుంది.

*లేజర్ మార్పు.* ఇవన్నీ అయ్యాకే. పాతదాని మీది నంబరు చూసి అదే తెప్పించాలి. లావు వాటిలో ఎక్కువగా కేహెచ్ఎస్-400సి, స్లిమ్‌లలో పీవీఆర్-802డబ్ల్యూ కనిపిస్తాయి. కొత్త లేజర్ వేసినా డిస్కు అసలే చదవకపోతే వెంటనే షాపువాణ్ణి తిట్టకండి. దారిలో స్టాటిక్ కరెంటుకు పాడవకుండా దాని మీద రెండు చుక్కలను కలిపి చిన్న సోల్డర్ బొట్టు పెట్టి పంపుతారు. రిబ్బన్ బిగించాక ఆ బొట్టును తీసేయాలి. దాన్ని మరిచిపోయి మంచి లేజర్‌ను వాపసు పంపేవాళ్లే ఎక్కువ.

*స్లిమ్‌కు ప్రత్యేకం.* డిస్కు అసలు తిరగకపోతే మూత సెన్సర్లు చూడండి. మూత మూసినప్పుడు నొక్కుకునే చిన్న మీటలు దుమ్ముకు ఇరుక్కుంటాయి. డిస్కు అడుగున కొత్తగా గుండ్రటి గీత పడుతుంటే ఆట వెంటనే ఆపండి. లెన్సుకు పోయే రిబ్బన్ వైరు పైకి ఉబ్బి, తిరిగే డిస్కును రాసుకుంటోంది. లెన్సును అంచుకు జరిపి, వైరు మడత పడే చోట పల్చటి టేపుతో అడుగుకు అణిచి అంటించాలి. ఆ తర్వాత లెన్సు అటూ ఇటూ బిగుసుకోకుండా జరుగుతోందో లేదో చేత్తో జరిపి చూసుకోండి.

లావు మోడల్ ట్రే బయటికి రాక మోటారు శబ్దం మాత్రం వస్తుంటే రబ్బరు బెల్టు సాగింది. కొత్తది వేయడమే.

ఆడగా ఆడగా ఆగిపోతుంది

వేడి. మన ఇళ్లలో టీవీ పక్కన కడప బండ అరల్లో మిషన్‌ను దూర్చి పెడతారు. మూడువైపులా గోడ, వేడిగాలి వెనక్కి పోయే దారి లేదు. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలుంటే లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. అరలోంచి బయటికి తీసి వెనక జానెడు ఖాళీ వదలండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను అగ్గిపుల్లతో ఆపి ఊదాలి. లేకుంటే అది గిర్రున తిరిగి బేరింగు చెడుతుంది, బోర్డుకు ఎదురు కరెంటు పోయే ప్రమాదమూ ఉంది.

టీవీలో బొమ్మ సరిగా రాదు

కొత్త ఎల్ఈడీ టీవీల్లో పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు లేకపోతే పక్కన ఏవీ అని చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. దానికి వాడే కన్వర్టర్ వైర్లలో లోపలి వరస అన్నింటికీ ఒకటి కాదు. బొమ్మకు బదులు గుయ్యిమని శబ్దం వస్తే పసుపు పిన్ను ఎరుపులో, తర్వాత తెలుపులో పెట్టి చూడండి. చాలావరకు అక్కడే తీరిపోతుంది.

హెచ్‌డీఎంఐ కన్వర్టర్ పెడితే రంగులు పచ్చగా, వికారంగా వస్తున్నాయా? పసుపు వైరుతోనే ఒకసారి పెట్టి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపోనెంట్ వీడియో అవుట్ దగ్గర ఆర్‌జీబీ, వై సీబీ సీఆర్ అని రెండున్నాయి, ఇప్పుడున్నది మార్చి చూడండి. అదే కన్వర్టర్‌లో పీఎస్1 నాటి గ్రాన్ టూరిస్మో 2 వేస్తే కొన్ని టీవీలు నల్లగా ఉండిపోతాయి. ఆ ఆటల 240 గీతల బొమ్మను అవి ఒప్పుకోవు. దానికి పసుపు వైరే దిక్కు.

బ్రేకు నొక్కాక కారు ఆలస్యంగా స్పందిస్తే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. అది లేని టీవీలో నాయిస్ రిడక్షన్ లాంటివన్నీ ఆపేయాలి. పాత డబ్బా టీవీ ఇంకా ఇంట్లో ఉంటే దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి, ఈ ఆటకు దాన్ని మించింది లేదు.

కారు ఒకవైపు లాగుతుంది, పూర్తి స్పీడు అందుకోదు

కంట్రోలర్ నడుమ అనలాగ్ ఎర్ర లైటు వెలుగుతోందా చూడండి. లేకపోతే స్టీరింగ్ కుదుపులుగా తిరుగుతుంది. వెలుగుతున్నా కారు ఎడమకో కుడికో లాగితే స్టిక్ అడుగున దాని కదలికను కొలిచే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరింది. విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, స్టిక్‌ను గుండ్రంగా ఇరవై చుట్లు తిప్పండి.

పీఎస్2తో వచ్చే డ్యూయల్‌షాక్ 2 కంట్రోలర్‌లో బటన్లు కూడా ఎంత బలంగా నొక్కితే అంత పలికే రకం. గ్యాసుకు వాడే ఎక్స్ బటన్ గట్టిగా నొక్కినా ఎదుటి కార్లు దాటిపోతుంటే బటన్ కింది కార్బన్ రబ్బరు అరిగింది, లేదా పల్చటి ఫిల్మ్ బోర్డుకు సరిగా ఆనడం లేదు. ఫిల్మ్ చివర బోర్డును తాకే చోట వెనక ఉన్న స్పాంజి అణగారిపోతుంది. దాని వెనక ఒక మడత కాగితం పెట్టి బిగిస్తే మళ్లీ పూర్తిగా తాకుతుంది. బటన్లు వాటంతటవే నొక్కుకుంటున్నా మందు ఇదే. విప్పే ఓపిక లేకపోతే కీ సెట్టింగుల్లో గ్యాసు, బ్రేకు కుడి స్టిక్‌కు మార్చుకోండి. అలవాటయ్యాక చాలామంది మళ్లీ ఎక్స్ వైపు రారు.

సేవ్ పోయింది

తేదీ, టైము మాత్రమే పోతుంటే లోపలి సీఆర్2032 బటన్ సెల్లు అయిపోయింది. సేవ్‌లు దానిలో ఉండవు, భయం లేదు. మెమరీ కార్డు కనిపించకపోతే బంగారు రేకులను ఐపీఏతో తుడవండి. సేవ్ జరిగే ఆ రెండు క్షణాల్లో కరెంటు పోతే మాత్రం ఫైలు చెడుతుంది, అది తిరిగి రాదు. అందుకే రెండు కార్డులుంచుకుని, పీఎస్2 సొంత మెనూలోని బ్రౌజర్‌లోంచి అప్పుడప్పుడు కాపీ చేయండి. 64, 128 ఎంబీ అని రాసున్న ఊరూపేరూ లేని కార్డుల కంటే సోనీ 8 ఎంబీ కార్డే నమ్మకం. దాంట్లో గ్రాన్ టూరిస్మో 3 సేవ్ మిగిలుంటే పారేయకండి. అందులోంచి బీ, ఏ లైసెన్సులు, లక్ష క్రెడిట్ల (ఆటలోని డబ్బు) దాకా 4లోకి తెచ్చుకోవచ్చు.

అసలు చిక్కు 24 గంటల రేసులతో. నడుమ సేవ్ చేసుకునే వీలే లేదు. బీ-స్పెక్ అనే పద్ధతిలో కారును ఆటలోని డ్రైవర్‌కు అప్పజెప్పి, మ్యాపు, టైమింగు కనిపించే తెరలో మూడింతల వేగం పెడితే ఎనిమిది గంటల చిల్లరలో అయిపోతుంది. ఆ ఎనిమిది గంటలూ ఒక్క క్షణం కూడా కరెంటు తెగకూడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సరిపోతుంది: స్లిమ్ అడాప్టర్ ఇచ్చేది మహా అయితే 48 వాట్లు, ఎనిమిది గంటలకు 400 వాట్ అవర్లు లోపే. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్కకు 1800 ఉంటాయి, పాతదైతే సగమే అనుకోండి. టీవీ ఆపేసినా రేసు నడుస్తూనే ఉంటుంది. ఇన్వర్టర్ వెనకున్న స్విచ్‌ను మాత్రం ఎకో నుంచి యూపీఎస్‌కు మార్చాలి. ఎకోలో కరెంటు మారేటప్పుడు ఫ్యాన్లకు తెలియనంత చిన్న విరామం వస్తుంది, పీఎస్2 మాత్రం రీస్టార్ట్ అవుతుంది. రేసు పెట్టేముందే ఒకసారి మెయిన్ దించి ఎత్తి పరీక్షించుకోండి. ఎండాకాలంలో సాయంత్రం ఏడుకు మొదలుపెడితే చల్లటి పూటలోనే అయిపోతుంది. బహుమతి కారు ఇచ్చినంత మాత్రాన సేవ్ అయినట్టు కాదు, హోమ్ తెరకు వచ్చి సేవ్ కొట్టాకే ప్లగ్గు పీకండి.